ఇంగ్లండ్ వెళ్తే లండన్ చూడకండి

అమ్మాయి పెళ్లయ్యేదాకా ఆగకండి. ఇంటి మీద రెండో అంతస్తు లేచేదాకా ఆగకండి. అలా ఆగినవాళ్లను ఖమ్మం జిల్లాలోని మా తల్లాడలో చాలామందిని చూశాను. పెళ్లయ్యాక పురుడు, పురుడయ్యాక మనవడి అన్నప్రాసన, ఆ తర్వాత ఆయనకు మోకాళ్లు, ఆమెకు షుగరు. ఎంతో ఆశపడి తీయించుకున్న పాస్‌పోర్టులు బీరువాలో పట్టుచీరల అడుగున పదేళ్లూ పడుకుని గడువు తీరిపోతాయి. అందుకే నా మొదటి సలహా పెద్దలెవరూ మెచ్చనిది: చీటీ పాడి డబ్బు ఎత్తండి, పిల్లల కోసమని దాచిన దాంట్లోంచి కొంత తీయండి, మొగుడూ పెళ్లాం ఇద్దరే ఇంగ్లండ్ వెళ్లండి. అక్కడ చిన్న కారు అద్దెకు తీసుకుని పల్లెటూళ్ల వెంబడి తిరగండి.

ఇక్కడి నుంచి చెప్పేవన్నీ మీ అబ్బాయి, ట్రావెల్ ఏజెంటు, మీ తోడికోడలు తప్పనే అంటారు. అననివ్వండి.

డబ్బు సంగతి ముందు తేల్చుకోండి. చీటీ ఎత్తాలనుకుంటే చాలా ముందుగా ఎత్తండి. వీసాకు దరఖాస్తు చేసే ముందు వారం ఖాతాలో ఒక్కసారిగా నాలుగైదు లక్షలు పడితే, ఇవి ఎక్కడివని వీసా అధికారికి అనుమానం వస్తుంది. ఆరు నెలల ముందే ఆ సొమ్ము ఖాతాలో ఉండి, చీటీ కాగితం, పంట అమ్మిన పట్టీ, జీతం స్లిప్పు లాంటివి చేతిలో ఉంటే ఇబ్బంది రాదు. మామూలు సందర్శక వీసా మీద ఆరు నెలల దాకా ఉండనిస్తారు. మనకు అంత అక్కర్లేదు. అయితే వారం రోజుల ప్యాకేజీ మాత్రం వద్దు. ఇన్నేళ్లు ఆగింది బస్సులో గైడు మైకులో అరుస్తుంటే కిటికీలోంచి చూడటానికి కాదు.

మే నెలలో వెళ్లండి. "మేలోనా? ఆవకాయ ఎవరు పెడతారు? ముహూర్తాలన్నీ అప్పుడేగా?" అంటారు. ఆ ఒక్క ఏడూ ఆవకాయ చెల్లెలు పెడుతుంది. పెళ్లిళ్లకు కట్నం చదివింపులు ముందే పంపించండి. మన దగ్గర 43, 44 డిగ్రీల ఎండకు తారు మెత్తబడే రోజుల్లో అక్కడ పల్చటి స్వెట్టరు వేసుకుని తిరగవచ్చు. మే మొదట్లో అడవుల నేల మీద బ్లూబెల్స్ నీలంగా పరుచుకుని ఉంటాయి. దారుల పక్క కంచె చెట్లు తెల్లటి పూతతో వంగిపోయి ఉంటాయి. గొర్రె పిల్లలు అప్పటికి కాస్త ఎదిగి గెంతుతుంటాయి. నెల మధ్యకొచ్చేసరికి పొద్దు గూకేది రాత్రి తొమ్మిది కావస్తుండగా. సాయంత్రం అయిదింటికి బయల్దేరినా చీకటి భయం లేదు. జులై, ఆగస్టుల్లో బడి సెలవులు, కార్ల బారులు, రెట్టింపు గది అద్దెలు. మేలో కూడా మొదటి సోమవారం, చివరి సోమవారం వాళ్లకు సెలవులు. ఆ రెండు వారాంతాలూ రోడ్డెక్కకుండా ఒకేచోట ఉండండి.

అబ్బాయి రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో ఉంటే అతనితో కలిసి తిరగకండి. ఇది రాస్తున్నప్పుడే ఎంతమందికి కోపం వస్తుందో తెలుసు. పిల్లల దగ్గరికి వెళ్లడం వేరు, మీరిద్దరూ వెళ్లడం వేరు. పిల్లల దగ్గరికి వెళ్తే అమ్మ వంటింట్లో ఉంటుంది, నాన్న మనవడి తోపుడు బండి తోస్తాడు. శనివారం వస్తే అబ్బాయి కారు వెనక సీట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి, మధ్యలో పిల్లవాడి సీటు పెట్టి, రోజుకు మూడు ఊళ్లు తిప్పుతాడు. అతని ప్రేమలో లోటు లేదు. కానీ ఆ కారులో మీరు సామానుతో సమానం. వాళ్లింటికి వేరే నెల వెళ్లండి, లేదా ప్రయాణం చివర్న ఒక వారం ఉండండి. మొదటి వారాలు మాత్రం ముందు సీట్లు రెండూ మీవి కావాలి.

ఇప్పుడు లండన్ మాట. హైదరాబాద్ నుంచి నేరుగా హీత్రో దిగే విమానం ఉంది. దిగిన రోజు కారు ముట్టుకోవద్దు, నిద్రలేని కళ్లతో స్టీరింగు పట్టుకోవద్దు. ఇది మాత్రం అందరూ చెప్పే సలహాయే, నేనూ అదే చెబుతాను. విమానాశ్రయం దగ్గరే ఒక రాత్రి పడుకోండి. తెల్లారి కారు తీసుకుని లండన్ వైపు తల తిప్పకుండా దక్షిణానికి పోండి. పెద్ద గడియారం, రాజుగారి కోట, వంతెన వీటి ఫొటోలు మనందరి దగ్గరా ఉన్నాయి. కొల్లూరు గనిలో పుట్టిందని చెప్పుకునే కోహినూరు అక్కడి కోటలో ఉంది, అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, నిజమే. అవి ఎక్కడికీ పోవు. పైగా నగరం మధ్యలోకి కారు తీసుకెళ్తే రద్దీ పన్ను కట్టాలి, బండి ఆపే చోటు దొరకదు. ఇద్దరూ తిట్టుకోవడంతోనే మొదటి రోజు గడిచిపోతుంది.

కారు అన్నిటికంటే చిన్నది అడగండి. ఏజెంటు ఏమంటాడో నాకు తెలుసు: "ఇంకొంచెం వేస్తే పెద్ద బండి వస్తుంది మేడమ్, హాయిగా ఉంటుంది." వద్దు. కారణం రెండు పేరాల తర్వాత చెబుతాను. గేర్లు దానంతటదే మార్చుకునే ఆటోమేటిక్ బండి మాత్రం తీసుకోండి, డబ్బు ఆదా చేయాల్సిన చోటు అది కాదు. చాలా కంపెనీలు డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డే అడుగుతాయి, అది నడిపేవారి పేరు మీదే ఉండాలంటాయి. అబ్బాయి కార్డు చూపిస్తే బండి ఇవ్వరు. పెట్రోలు బంకులో పోసేవాళ్లు ఉండరు, మనమే పోసుకుని లోపలికి వెళ్లి డబ్బు కట్టాలి. ఆకుపచ్చ పిడి పెట్రోలు, నల్ల పిడి డీజిలు.

చిన్న కారులో రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవు. అందుకని ఇద్దరికీ కలిపి ఒకే పెట్టె. ఇది విని మా ఆడపడుచు నవ్వింది, కానీ చేసి చూడండి. ఆయన చొక్కాల మడతల్లో మీ చీర. మీ శాలువాలో చుట్టి ఆయన కళ్లజోడు పెట్టె. కుక్కరు పెట్టకండి. పప్పుల డబ్బాలు పెట్టకండి. నెయ్యి, పాలకోవా అసలే వద్దు. మన దేశం నుంచి పాల వస్తువులు, మాంసం అక్కడికి తీసుకెళ్లనివ్వరు. కారప్పొడి, గోంగూర పచ్చడి చిన్న సీసాల్లో గట్టిగా బిగించి పెట్టుకుంటే చాలు. అక్కడి పల్లెల్లో పబ్ అంటే తాగే చోటే కాదు, ఊరి భోజన హోటలు కూడా. తొక్కతో పాటు ఓవెన్‌లో కాల్చిన పెద్ద ఆలుగడ్డను నిలువునా చీల్చి వెన్న వేసి తెస్తారు. ఆ పొగలు కక్కే చీలికలో మన కారప్పొడి చల్లుకుని తింటే అన్నం గుర్తుకు రాదు. మధ్యాహ్నం రెండు, రెండున్నరకు వంటగది మూసేస్తారు కాబట్టి ఒంటిగంటకే ఎక్కడో ఒకచోట కూర్చోండి. ఆదివారం పెద్ద దుకాణాలు ఆరు గంటలకు మించి తెరవరు, చట్టమే అలా ఉంది. పాలూ రొట్టే శనివారమే కొనుక్కోండి.

"మన రోడ్ల మీద నడిపినవాళ్లు అక్కడ నడపలేరు" అని హైదరాబాద్‌లో ఉన్న బంధువులు అంటారు. నేను ఒప్పుకోను. అక్కడా ఎడమ చేతివైపే నడపాలి, స్టీరింగు కుడివైపే. తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం దాకా బొగ్గు లారీలకు దారి ఇస్తూ, పశువుల మందకు ఆగుతూ నడిపినవాళ్లకు ఓపిక, చూపు రెండూ ఉంటాయి. నగరంలో ఫ్లైఓవర్ల మీద నేర్చుకున్నవాళ్లకే అక్కడి పల్లె దారులు కష్టం. కాబట్టి డ్రైవింగు మెరుగుపెట్టుకోవాలంటే హైదరాబాద్ పోకండి, మన పొలాల డొంకల్లో సాధన చేయండి. ముఖ్యంగా వెనక్కి నడపడం. ఎందుకంటే ఇంగ్లండ్ పల్లె దారి డొంకే. ఒక్క బండి పట్టేంత వెడల్పు, రెండు పక్కలా మనిషికంటే ఎత్తు కంచె చెట్లు, మలుపు అవతల ఏముందో తెలియదు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్లి, దారి కాస్త వెడల్పుగా చేసి ఉంచిన చోట ఒదిగి నిలబడాలి. చిన్న కారు ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందిగా. దారి ఇచ్చాక అవతలివాళ్లు స్టీరింగు మీంచి వేళ్లు లేపి చూపిస్తారు, మీరూ అలాగే లేపండి.

మూడు అలవాట్లు మాత్రం శంషాబాద్‌లోనే వదిలేసి విమానం ఎక్కండి. ఒకటి హారను. అక్కడ ఊళ్లలో రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఏడు దాకా హారను కొట్టడం నేరం. ఆగి ఉన్న బండిలోంచి ఎప్పుడూ కొట్టకూడదు. పగలైనా ఊరికే మోగిస్తే తిట్టినట్టే. రెండోది డిప్పరు. మన దగ్గర ఎదుటి లారీ లైట్లు వెలిగించి ఆర్పితే, వస్తున్నాను తప్పుకో అని. అక్కడ ఎక్కువమంది అదే పని చేసేది, ఆగాను, నువ్వు రా అనడానికి. వాళ్ల రోడ్డు నియమాల పుస్తకం లైట్లను అలా వాడొద్దనే చెబుతుంది, అయినా జనం వాడుక అదే. ఈ తేడా తెలియకపోతే ఇద్దరూ ఒకేసారి ముందుకొస్తారు. మూడోది కూడలి. మన సెంటర్లో ఎవరి మూతి ముందు దూరితే వాళ్లదే దారి. అక్కడి గుండ్రటి కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లు పోయేదాకా ఆగాలి. ఇంకో బోర్డు గురించి ఎవరూ చెప్పరు: తెల్లటి గుండ్రం మీద నల్లటి వాలుగీత. అలాంటి మామూలు దారుల్లో గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్ల దాకా పోవచ్చని దాని అర్థం. పొలాల మధ్య సన్నటి డొంక మొదట్లోనూ అదే బోర్డు ఉంటుంది. పోవచ్చు అన్నారే తప్ప పోవాలని కాదు, మీరు 20లోనే పోండి. వెనక ఎవరైనా తొందరపడుతుంటే వెడల్పైన చోట ఆగి వాళ్లను పంపించండి. గుర్రం మీద ఎవరైనా వస్తే గంటకు 10 మైళ్లకు తగ్గించి, రెండు మీటర్ల ఎడం ఇచ్చి దాటాలి.

ఆ దారుల్లో మీరిద్దరూ తప్పకుండా పోట్లాడుకుంటారు. ఆపుకోకండి. నిజంగానే చెబుతున్నాను. మన ఇళ్లలో భార్యాభర్తలకు గొంతెత్తి మాట్లాడుకునే చోటు ఎప్పుడు దొరికింది కనుక? పెళ్లయిన కొత్తలో పక్క గదిలో అత్తమామలు. తర్వాత పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఆ తర్వాత గోడకు గోడ ఆనుకుని తోడికోడలి ఇల్లు. మూడు పదుల ఏళ్ల కాపురంలో సగం మాటలు గుసగుసల్లో, మిగతా సగం మౌనంలో పోతాయి. 1990ల్లో అమ్మేసిన రెండెకరాల గురించి, పుట్టింటివాళ్లకు జరిగిన అవమానం గురించి, ఆమె ఆపేసిన బీఈడీ గురించి ఎన్నడూ పూర్తిగా మాట్లాడుకోలేదు. అక్కడ కారు అద్దాలు పైకెత్తి ఉంటాయి, చుట్టూ గొర్రెలు తప్ప ఎవరూ ఉండరు, ఉన్నా తెలుగు రాదు. "ఏమండీ, అప్పుడు మీరు ఒక్కమాట అన్నారా మా నాన్నను?" అని అడగాల్సింది అక్కడే. బండి పక్కకు ఆపుకోవడానికి పెద్ద రోడ్ల వెంబడి చోట్లు కట్టి ఉంటాయి. నడుపుతూ పోట్లాడకండి, ఆపి పోట్లాడండి. ఎవరూ తలుపు తట్టి టీ అడగరు, ఏమైందని చూడ్డానికి ఎవరూ రారు. మాట చివరిదాకా వెళ్తుంది. ఈ ప్రయాణానికి పెట్టిన డబ్బుకు దొరికేవాటిలో నేను అన్నిటికంటే విలువిచ్చేది దీనికే.

రోజుకు 100 కిలోమీటర్లు దాటకండి. మ్యాపులో ఇంగ్లండ్ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి లేక్ డిస్ట్రిక్ట్, కాట్స్‌వోల్డ్స్, స్టోన్‌హెంజ్ అన్నీ చుట్టేయాలనిపిస్తుంది. వాటి పేర్లు కూడా తలచుకోకండి. సర్రీ, ససెక్స్, హాంప్‌షైర్, పక్కపక్కనే ఉన్న ఈ మూడు కౌంటీలు చాలు. మనవాళ్లతో, మన నేలతో సంబంధం ఉన్న చోట్లు అక్కడే ఉన్నాయి.

ఫోనులో దారి చెప్పే గొంతును రోజుకు కొన్ని గంటలైనా ఆపేసి, కాగితం మ్యాపు కొనండి. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల గులాబీ అట్ట మ్యాపుల్లో 1 సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. చర్చిలు, పల్లెల్లోని పబ్‌లు, కాలిబాటలు వాటిలో ఉంటాయి. దారి తప్పుతారు. తప్పితే ఏమవుతుంది? ఇంకో ఊరు వస్తుంది. మ్యాపు ఒడిలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు సరదాగా ఉండటానికి ఒక కథ చెబుతాను. మ్యాపులు గీసే పనిలో పేరు మోసిన జార్జ్ ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో, అంటే మన వైపే, కొలతలు తీస్తూ వానాకాలపు జ్వరానికి దొరికిపోయాడు. కోలుకోవడానికి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు ఓడెక్కి పోవాల్సి వచ్చింది. తర్వాత సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1865లో హిమాలయాల్లోని ఎత్తయిన శిఖరానికి ఆయన పేరు పెట్టారు. సముద్రం ఒడ్డున బ్రైటన్ పక్కనే ఉన్న హోవ్ ఊళ్లో, సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది.

అవును, సమాధులకు వెళ్లమనే చెబుతున్నాను. జంటగా వెళ్లిన ప్రయాణంలో శ్మశానాలేమిటని అడుగుతారు. హీత్రో నుంచి పెద్ద వలయ రహదారి మీద కొంత దూరం వచ్చి దిగితే డోర్కింగ్ అనే ఊరు. పక్కనే బాక్స్ హిల్ అనే సున్నపురాతి గుట్ట. ఆ ఊళ్లో రైగేట్ రోడ్డు మీద ఉన్న శ్మశానంలో సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు. 1803లో పుట్టి, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి, 1899 జులై 24న డోర్కింగ్‌లోనే కన్నుమూశాడు. గోదావరి జిల్లాలవాళ్లకు ఆయన గురించి చెప్పనక్కర్లేదు, ఊరూరా విగ్రహాలున్నాయి. మన ఖమ్మం వైపు వాళ్లకు మాత్రం, అది ఆంధ్రావాళ్ల సంగతి కదా అనిపిస్తుంది. అనుకోకండి. గోదావరి మీద సముద్రం నుంచి ఎగువ దేశం దాకా పడవలు నడపాలని పట్టుబట్టినవాడు కాటనే. ఆ పథకంలో భాగంగానే భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలు దాటే లాకులు కట్టారు. రాళ్ల మీద నది విరిగిపడే చోట పడవలను పక్క కాలువలోంచి దాటించాలని ఆలోచన. రైళ్లు వచ్చాక పథకం ఆగిపోయింది, ఆనకట్ట మాత్రం నిలిచింది. ఈనాడు సీతారామ ఎత్తిపోతలకు నీళ్లు తోడుతున్నది ఆ ఆనకట్ట ఎగువ నుంచే. సాగర్ ఎడమ కాలువ చివర నీళ్లకోసం ఏటేటా మొహాలు వాచిన మన తల్లాడ, కల్లూరు రైతులకు దుమ్ముగూడెం అంటే ఏమిటో నేను వేరే చెప్పాలా?

అందుకే కాటన్ సమాధి దగ్గరికి వెళ్లండి. పర్ణశాల వెళ్లినప్పుడు చిన్న సీసాలో గోదావరి నీళ్లు పట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టుకోండి. చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆపేస్తారు. డోర్కింగ్‌లో ఆ నీళ్లు గడ్డి మీద పోసి, పది నిమిషాలు నిలబడండి. ఫొటో తీసుకోవాలనిపిస్తే తీసుకోండి. పరాయివాడి సమాధికి ఇదంతా అవసరమా అని మా బంధువొకరు అన్నారు. పంట నీళ్లు ఇచ్చినవాడు నాకు పరాయి కాదు.

డోర్కింగ్ నుంచి హోవ్ వెళ్లి ఎవరెస్టు సమాధి చూశాక, అక్కడి నుంచి పడమటికి పోవడానికి సముద్రం పక్కన పెద్ద రోడ్డుంది. దాన్ని వదిలేసి కాస్త ఉత్తరంగా ఏ272 అనే రోడ్డు పట్టుకోండి. పెట్‌వర్త్, మిడ్‌హర్స్ట్, పీటర్స్‌ఫీల్డ్ ఊళ్ల మధ్యలోంచి పోతుంది. తొందరగా చేర్చదు, అదే దాని గుణం. 2010లో ఏర్పడిన సౌత్ డౌన్స్ జాతీయ వనం లోపలినుంచే చాలా దూరం సాగుతుంది. జాతీయ వనం అంటే మన కిన్నెరసాని అభయారణ్యం లాంటిది ఊహించుకోవద్దు. లోపల పల్లెలు, చేలు, గొర్రెలు, బడులు అన్నీ ఉంటాయి, మనుషుల్ని ఖాళీ చేయించలేదు. పోడు భూములకు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాల కోసం ఏళ్లుగా తిరుగుతున్నవాళ్ల మధ్య బతికే నాకు ఆ సంగతి చాలాసేపు మనసులో నిలిచింది.

ఈ రోడ్డు మీద ఎక్కడైనా బండి ఆపి నడవండి. వాన పడుతున్నా నడవండి, ఆగేదాకా చూస్తే ఆ దేశంలో గది దాటలేరు. 'పబ్లిక్ ఫుట్‌పాత్' అని చిన్న కొయ్య బోర్డు కనిపిస్తే ఆ బాణం చూపిన దారిలో ఎవరినీ అడగకుండా పొలంలోకి వెళ్లిపోవచ్చు. మొదటిసారి కాళ్లు రావు. గోధుమ చేను మధ్యలోంచి బారెడు బాట. గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు కోర్టుకెక్కే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, రైతు చూస్తే ఏమంటాడోనని భయం. ఏమీ అనడు. అది జనం హక్కు. దున్నినప్పుడు బాట చెరిగిపోతే రైతు 14 రోజుల్లో మళ్లీ తేల్చి ఇవ్వాలి, చేను మధ్య కనీసం మీటరు వెడల్పు ఉంచాలి, 1990 చట్టంలో అలా ఉంది. ఆ హక్కు దానంతటదే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి వందల మంది కార్మికులు, కుర్రాళ్లు నిషేధాన్ని లెక్కచేయకుండా ఎక్కారు, కొందరు జైలుకు పోయారు. 1949లో బాటలన్నీ మ్యాపుల్లో నమోదు చేయాలని చట్టం వచ్చింది, కొండలూ బీళ్ల మీద తిరిగే హక్కు 2000లో వచ్చింది. మీరు చేయాల్సింది ఇంతే: గేటు ఎలా ఉందో అలాగే ఉంచండి, మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే వదలండి. దూడలున్న ఆవుల దగ్గరికి పోకండి. చీర కట్టుకుని కంచె మెట్లు దాటడం కష్టం, పంజాబీ డ్రెస్సు, బూట్లు మేలు.

అలా నడిచి ఒక ఊరి చివరికి వచ్చినప్పుడు ఒక ఇంటి గేటు పక్కన చిన్న బల్ల చూశాం. దాని మీద అట్ట డబ్బాల్లో ఆరేసి గుడ్లు, ఒకటి రెండింటికి ఇంకా ఈక అంటుకుని ఉంది. పక్కన మూతకు చీలిక కోసిన డబ్బా, ఎంత వేయాలో చేత్తో రాసిన అట్టముక్క. మనిషి లేడు. మా ఆయన చుట్టూ చూసి, చిల్లర లెక్కపెట్టి, డబ్బాలో వేసి, చప్పుడు వినిపించిందా లేదా అని ఇంకో నాణెం కూడా వేశారు. జేబులో చిల్లర లేకపోతే అక్కడ గుడ్లు దొరకవు. కార్డుతోనే అన్నీ అయిపోతాయని చెప్పేవాళ్ల మాట నమ్మకుండా నాణేలు ఉంచుకోండి.

ఏ272 వెంబడి పీటర్స్‌ఫీల్డ్ దాటి వించెస్టర్ వైపు పోతుంటే బ్రామ్‌డీన్ అనే ఊరి దగ్గర బ్రాక్‌వుడ్ పార్క్ వస్తుంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1969లో మొదలుపెట్టిన బడి అది. ఏళ్ల తరబడి అక్కడికి వచ్చి ఉండేవారు, ప్రసంగాలు చేసేవారు. పక్కనే ఆయన పేరిట కేంద్రం ఉంది. ఆయన ఆలోచనల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ముందుగా రాసి అడిగితే కొన్నాళ్లు ఉండనిస్తారు. భోజనం పూర్తిగా శాకాహారం. ఆయన్ను చదవకుండా వెళ్లడం ఎందుకని అడుగుతారేమో. ఇద్దరూ కలిసి ఏదో ఒక చిన్న పుస్తకం వెళ్లే ముందు ఒకరికొకరు చదివి వినిపించుకోండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు. విహారయాత్రలో ఎవరైనా మౌనంగా కూర్చోవడానికి డబ్బు కడతారా అంటే, మీరు కట్టండి. డొంకల్లో పోట్లాట అయిపోయిన జంటకు ఆ మౌనం పనికొస్తుంది. వెళ్లేది ఎవరో కొత్త దేవుణ్ణి చూడటానికి కాదు. గురువు అక్కర్లేదని, 1929లో తన కోసమే కట్టిన సంఘాన్ని తానే రద్దు చేసిన మనిషి ఆయన.

ఇక అన్నిటికంటే ఎక్కువమంది తప్పుపట్టిన సలహా మిగిలింది: బండి సగం రోజులు ఆమె నడపాలి. ఆయన నడుపుతుంటే ఆమె పక్కన కూర్చుని బాదం పలుకులు అందించడం, మంచినీళ్ల సీసా మూత తీసి ఇవ్వడం అనే ఏర్పాటును ఖమ్మం జిల్లా దాటి తీసుకెళ్లకండి. సన్నటి డొంకలో ట్రాక్టరుకు దారి ఇచ్చి వెనక్కి నడిపి, అవతలివాడు వేళ్లు లేపితే తానూ లేపడంలో ఉన్న సంతోషం ఆమెకూ దక్కాలి. ఆయనా కిటికీలోంచి చెట్లు చూడాలి. మెకానిక్ షెడ్డు దగ్గర కూర్చునే మగవాళ్లు "ఆడవాళ్లు ఆ దేశంలో నడపడమా" అంటే, స్కూటీ మీద పాల క్యాను పెట్టుకుని, వెనక పిల్లను కూర్చోబెట్టుకుని, బొగ్గు లారీల మధ్య తల్లాడ సెంటరు దాటే మన ఆడవాళ్లను చూపించండి.

మన దేశపు లైసెన్సుతో అక్కడ 12 నెలల దాకా కారు నడపవచ్చు. కానీ అద్దె కంపెనీల్లో చాలావరకు, లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది అయి ఉండాలంటాయి. రెండో డ్రైవరు పేరు చేర్చడానికి రోజుకింత అని రుసుము తీసుకుంటాయి, అది కట్టండి. మన దగ్గర లెర్నర్స్ లైసెన్సు తీసుకున్నాక 30 రోజులు ఆగితే గానీ పరీక్షకు పిలవరు. అంటే వచ్చే ఏడాది మే నెలలో ఆమె ససెక్స్‌లో స్టీరింగు పట్టాలంటే, ఈ ఏడాది మార్చిలోపే ఖమ్మం రవాణా కార్యాలయంలో ఆమె పేరు మీద స్లాట్ బుక్ చేయాలి. ఆధార్, వయసు రుజువు, కళ్ల పరీక్ష కాగితం దగ్గర పెట్టుకోండి. విమానం టిక్కెట్ల గురించి తర్వాత ఆలోచించవచ్చు.